కప్పు మాట్లాడుతాంది

గోదావరిఖని చౌరస్తా నుంచి లోపలికి తిరిగే ఒక సందులో, ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిచిన గదిలో డెబోరా కూర్చుంటుంది. ముందు భాగంలో ఫోటో స్టూడియో ఉంది. పాస్‌పోర్టు ఫోటోలకు వచ్చినవాళ్ళు తల దువ్వుకునే అద్దం పక్కనుంచి నడిచి ఆమె గదికి పోవాలి. ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళకు ఇది బాగా కలిసొచ్చింది. తెలిసినవాళ్ళెవరైనా ఎదురుపడితే ఫోటో దిగడానికి వచ్చామని చెప్పొచ్చు.

మొదట్లో ఆమె 'మానసిక ఆరోగ్య కేంద్రం' అని బోర్డు పెట్టింది. నెల తిరక్కుండానే ఆ సందుకు పిచ్చి దవాఖాన సందు అని పేరు పడింది. స్టూడియో ఆయన లబోదిబోమన్నాడు. బోర్డు మార్చి 'సలహాలు ఇవ్వబడును' అని రాయిస్తే, మొదటి వారంలోనే ఇద్దరు పొలం గెట్టు తగాదా గురించి, ఇంకొకాయన బోరు ఎక్కడ వేస్తే నీళ్ళు పడతాయో తెలుసుకోవడానికి వచ్చారు. చివరికి 'డెబోరా, కౌన్సెలర్' అన్న ముక్క ఒక్కటి మిగిలింది. ఆ మాటకు అర్థం తెలిసినవాళ్ళు ఆ సందులో పెద్దగా లేరు కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

ఆమె ఈ ఊళ్ళోనే పుట్టింది. హైదరాబాదులో చదివి, అక్కడే పని చేసి, పెళ్ళి రెండేళ్ళకే తెగిపోయాక తిరిగొచ్చింది. వచ్చిన కొత్తలో చుట్టాలు పక్కాలు ఆమెను చూసి, మందికి మనసు బాగు చేసే పిల్ల తన సంసారం బాగు చేసుకోలేకపోయిందా అని మెల్లగా అనుకున్నారు. మెల్లగానే అనుకున్నారు గానీ ఆమెకు వినిపించేంత మెల్లగా.

ఈ ఊరి మగవాళ్ళ నోటికి భయం అన్న మాట రాదు. నిద్ర పడ్తలేదంటారు. కడుపుల మంటగున్నదంటారు. చేతులు వణుకుతున్నయంటారు. గంటసేపు ఆ నిద్ర చుట్టూ, ఆ కడుపు చుట్టూ తిరిగి, ఇక లేచి వెళ్తూ తలుపు మీద చెయ్యి వేసినప్పుడు అసలు మాట బయటపెడతారు. అందుకే డెబోరా గడియారం చూసి గంట అయిపోయిందని ఎప్పుడూ చెప్పదు. తలుపు దగ్గర ఇంకో గంట ఉంటుందని ఆమెకు తెలుసు.

మొగిలి మాత్రం అలా కాదు. అతను మొదటి మాటే అసలు మాట మాట్లాడాడు.

అతన్ని భార్య లస్మవ్వ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. మొగిలికి నలభై ఏడేళ్ళు. గడప దగ్గరే ఆగి, చేతిలో ఉన్న గొడుగు తిరగేసి, దాని మొనతో గది పైకప్పును నాలుగు చోట్ల కొట్టి చూశాడు. చెవి పైకి పెట్టి విన్నాడు. తర్వాత కూర్చుని, "కప్పు మాట్లాడుతాంది మేడం. యాడికి పోయినా మాట్లాడుతాంది" అన్నాడు.

బొగ్గు గనిలో అది అతని పనే. మందు పేల్చి బొగ్గు రాలగొట్టాక, మిగిలినవాళ్ళు లోపలికి అడుగుపెట్టకముందు మొగిలి ముందు పోయి కర్రతో కప్పు కొట్టి చూడాలి. ఖంగుమని మోగితే మంచి కప్పు. డొల్లగా మోగితే చెడ్డ కప్పు, దాని కింద ఎవరూ నిలబడకూడదు. పైన రాయి చిటపటమంటే 'కప్పు మాట్లాడుతాంది' అంటారు. ఆ మాట వింటే చేతిలో పని అక్కడే వదిలేసి అందరూ వెనక్కి వస్తారు. గనిలో దిగేవాళ్ళకు అది మబ్బు పట్టింది అన్నంత మామూలు మాట.

రెండేళ్ళ కింద ఒకనాడు మొగిలి కప్పు కొట్టి చూశాడు. ఖంగుమంది. "మంచిగుంది, రా బావా" అని పోశంను పిలిచాడు. పోశం అతనికి వరసకు బావ, పాతికేళ్ళ నుంచి ఒకే కంచంలో తిన్న దోస్తు. పోశం వచ్చి నిలబడ్డ చోటే కప్పు కూలింది.

అప్పటినుంచి మొగిలికి కనిపించిన ప్రతి కప్పునూ కొట్టి చూడటం అలవాటైంది. ఇంట్లో పడుకునే ముందు ఇరవై సార్లు. హోటల్లో చాయ తాగేముందు. బస్సులో వేలి కణుపులతో. మంచిర్యాలలో ఒక పెళ్ళికి పోయి, ఫంక్షన్ హాల్లో వడ్డించే గరిటె లాక్కుని టేబుల్ ఎక్కాడు. పెళ్ళివాళ్ళు నవ్వారు. లస్మవ్వ ఆ రోజు అన్నం తినకుండా లేచి వచ్చేసింది.

డెబోరా హైదరాబాదులో ఉన్న తన పాత గురువుకు ఫోన్ చేసి, అతను కప్పు మాట్లాడుతోందంటున్నాడని చెప్పింది. "ఏ కప్పు? టీ కప్పా?" అన్నాడాయన. ఇద్దరూ నవ్వుకున్నారు. సంగతంతా విన్నాక ఆయన, అది పదే పదే పరీక్షించుకునే జబ్బనీ, కొట్టి చూడనిచ్చినకొద్దీ ముదురుతుందనీ, కొట్టనివ్వకుండా కూర్చోబెట్టమనీ చెప్పాడు. పుస్తకంలో ఉన్నదీ అదే. డెబోరాకు 'కప్పు మాట్లాడుతాంది' అన్న మాట చిన్నప్పటి నుంచి తెలుసు. కాలనీలో ప్రతి అరుగు మీదా విన్నదే. అయినా ఆ రోజు ఆమె చదువుకున్న మనిషిగా విన్నది, ఊరి మనిషిగా వినలేదు.

మొదట అయిదు నిమిషాలు కొట్టకుండా కూర్చోబెట్టింది. తర్వాత పది. తర్వాత గంట. మొగిలి చెమటలు కక్కుతూ కూర్చునేవాడు. చెయ్యి పైకి లేవబోయినప్పుడల్లా "మంచిగుంది" అని లోపల అనుకొమ్మని నేర్పింది. కొట్టి చూడొద్దు, మంచిగుందనుకో, చాలు. పన్నెండు వారాలు గడిచేసరికి మొగిలి గొడుగు బయట పెట్టి రావడం మొదలుపెట్టాడు. రాత్రిళ్ళు నిద్రపోయాడు. లస్మవ్వ డబ్బా నిండా మక్క గారెలు చేసి తెచ్చి, డెబోరా గడ్డం పట్టుకుని ఏడ్చింది. డెబోరా అతను పనికి తగినవాడేనని ఉత్తరం రాసిచ్చింది. మొగిలి మళ్ళీ గనిలోకి దిగాడు.

ఇరవయ్యో రోజున కప్పు కూలి చనిపోయాడు.

డెబోరా మూడో రోజు వాళ్ళింటికి పోయింది. లస్మవ్వ తిడుతుందని, మీద పడి కొడుతుందని అనుకుంది. కొడితే బాగుండు అని కూడా అనుకుంది. లస్మవ్వ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, "నువ్వు మంచి జేసినవ్ బిడ్డా. ఆఖరుకు నెల రోజులన్న కంటినిండ పండుకున్నడు" అంది. ఆ మాట డెబోరాకు తిట్టుకంటే ఎక్కువ తగిలింది.

ఆ రోజు మొగిలి కప్పు కొట్టి చూశాడా, లేదా? నలభై రోజులుగా ఆమెకు ఇదొక్కటే ప్రశ్న. ఎవర్నీ అడగలేదు. జవాబు వినాలని ఉండీ, వినే ధైర్యం లేక ఊరుకుంది. తన దగ్గరికి ఎవరైనా ఇదే బాధతో వస్తే ఏం చెప్పాలో ఆమెకు నోటికి వచ్చు. అది మీ తప్పు కాదు, చేతనైంది చేశారు అంటుంది. స్టూడియో అద్దం ముందు నిలబడి తనకు తాను చెప్పుకుని చూసింది. పని చెయ్యలేదు. మనసు డాక్టరుకు మనసు బాగోకపోతే ఈ ఊళ్ళో పోవడానికి ఇంకో సందు లేదు.

నలభై ఒకటో రోజు బుధవారం. పొద్దుటి నుంచి ముసురు పట్టి ఉంది. సాయంత్రం అయిదున్నరకు ఉపేందర్ వచ్చాడు.

ఉపేందర్‌కు ముప్పై దాటలేదు. మొగిలి మీద కప్పు కూలిన చోట అతనూ ఉన్నాడు. భుజం విరిగి బతికాడు. భుజం అతుక్కుంది. మనసు కూడా కుదుటపడిందని డెబోరా ఉత్తరం రాసిస్తే, రేపు పొద్దున ఫస్టు షిఫ్టుకు దిగొచ్చు. ఆ ఉత్తరం కోసమే వచ్చాడు. తల తుడుచుకుంటూ కుర్చీలో కూర్చుని, "జల్ది రాసియ్యి మేడం. నీకు గూడ ఇంటికి పోయే టైమైతాంది" అన్నాడు.

"రాస్త గని, నిద్ర పడుతుందా?"

"పడ్తాంది."

"అన్నం?"

"తింటున్న."

డెబోరా తెల్ల కాగితం తీసి పేరు రాసింది. తర్వాత కలం ఆగిపోయింది. ఇలాంటి ఉత్తరం ఆమె ఇంతకుముందు రాసింది ఒక్కటే. అది ఎవరికి రాసిందో ఇద్దరికీ తెలుసు. ఎదురుగా కూర్చున్న ఈ పిల్లవాణ్ణి కూడా అదే దారిన కిందికి పంపాలా? పంపకపోతే ఏ కారణం రాయాలి? తనకు భయంగా ఉందని రాయాలా? ఆమె అలా కలం పట్టుకునే ఉండగా కరెంటు పోయింది.

వానకు స్టూడియో ఆయన సగం షట్టరు దించి ఎప్పుడో వెళ్ళిపోయాడు. గదికి ఒకటే కిటికీ, అది కూడా పక్కింటి గోడలోకే తెరుచుకుంటుంది. చీకటి గదిలోకి రాలేదు, గదిలోనే ఎక్కడో కూర్చుని ఉండి లేచి నిలబడినట్టయింది. వాన చప్పుడు ఒక్కటే మిగిలింది. ఎక్కడో గోడలోంచి నీళ్ళు కారుతున్న వాసన, పాత కాగితాల వాసన.

"ఫోన్ల లైటెయ్యాల్నా మేడం?"

"ఉండనియ్యి. వస్తది కరెంటు."

చీకట్లో ఉపేందర్ గొంతు మారింది. డెబోరాకు ఆ గొంతు తెలుసు. అది తలుపు మీద చెయ్యి వేసిన మనిషి గొంతు. ఈసారి చీకటే తలుపు పని చేసింది.

"మేడం... ఒకటడుగుత. మొగిలన్నకు నువ్వేం చెప్పినవ్?"

"ఎందుకు?"

"ఆ రోజు మేము ఎనుక నిలబడ్డం. అన్న ముందలికి పోయిండు. కట్టె పైకి లేపిండు. లేపి... ఆగిండు. కిందికి దించిండు. నా దిక్కు చూసి నవ్విండు. మేడం కొట్టొద్దన్నది రా, మంచిగుందనుకుంటె సాలన్నది, మంచిగుంది రా అన్నడు."

నలభై రోజులు ఎవర్నీ అడక్కుండా దాచుకున్న ప్రశ్నకు జవాబు వచ్చి డెబోరా ఒళ్ళో కూర్చుంది. ఏడుపు రాలేదు. చేతిలోని కలం బల్ల మీద పెట్టేసింది.

"ఎవ్వరికీ చెప్పలె నేను" అన్నాడు ఉపేందర్. "ఎంక్వైరీల రాసిచ్చే కాడ గూడ కొట్టిండనే చెప్పిన. నీ పేరు బయటికి రావద్దని. లస్మవ్వకు గూడ చెప్పలె."

"ఉపేందర్..."

"ఇంకోటుంది మేడం. పది రోజుల సంది మా ఇంట్ల కప్పు కొడుతాండ్లు ఎవరో. రోజు పొద్దూకంగనే. లైటేస్తే ఎవరుండరు. నాకు గూడ అన్న రోగమే అంటుకున్నదా?"

ఈ ప్రశ్నకు డెబోరా దగ్గర జవాబుంది. వేల సార్లు చెప్పిన జవాబు. ఆమె తన గొంతును తానే కూడదీసుకుంది. "లేదు తమ్ముడూ. అంత పెద్ద దెబ్బ తాకినంక మనసు గట్లనే చేస్తది. చెవులు లేనివి వింటయ్. అక్కడ ఎవరు లేరు. అదంతా మన మనసు..."

ఖంగ్.

గది మూలన, తలుపు దగ్గర, పైన.

వాన చప్పుడు అలాగే ఉంది.

"నువ్వేనా?" అంది డెబోరా మెల్లగా.

చీకట్లో ఉపేందర్ చెయ్యి వెతుక్కుంటూ వచ్చి బల్ల మీద ఆమె చేతిని పట్టుకుంది. తర్వాత రెండో చెయ్యి. రెండూ మంచులా చల్లగా ఉన్నాయి. రెండూ ఆమె చేతి మీదే ఉన్నాయి.

ఖంగ్.

ఈసారి ఒక అడుగు లోపలికి. తడి బొగ్గు వాసన వచ్చింది. దాని వెనక తంబాకు, సున్నం నలిపిన వాసన. ఈ గదిలో పన్నెండు వారాలు ఎదురుగా కూర్చున్న వాసన అది. డెబోరా లోపల చదువుకున్న మనిషి ఒకామె ఇంకా మాట్లాడుతూనే ఉంది. ఇది జ్ఞాపకం, ఇది అపరాధ భావం, ఇద్దరు మనుషులు ఒకే భయాన్ని పంచుకుంటే ఇలా జరుగుతుందని చెప్తూనే ఉంది. ఆమె గొంతు క్రమంగా చిన్నదైపోయింది.

ఖంగ్... ఖంగ్...

తొందర లేదు. ఒక పద్ధతి ఉంది. అడుగు వేయడం, ఆగడం, కొట్టడం, వినడం. మళ్ళీ అడుగు. కిటికీ వైపు పోయింది. తిరిగి వచ్చింది. బూటు కింద ఇసుక నలిగిన చప్పుడు. ఎవరో ముక్కుతో గాలి పీల్చి, ఆపి, విన్నారు.

డెబోరా తల మీదికి వచ్చింది.

బొద్.

డొల్లగా. మట్టి కుండ లోపల మోగినట్టు. ఒక్కసారి కాదు. మళ్ళీ కొట్టారు... బొద్... ఇంకోసారి... బొద్... ఆమె జుట్టు మీద ఇంత సున్నం పొడి రాలింది.

అటు నుంచి ఉపేందర్ మీదికి పోయింది.

ఖంగ్.

గుడి గంటంత స్పష్టంగా మోగింది. ఆ మోత గదిలో చాలాసేపు నిలబడింది.

అప్పుడు ఆమె చెవి పక్కన, జానెడు దూరంలో, ఎవరో నవ్వు కలిసిన గొంతుతో మెల్లగా అన్నారు.

"మేడం... గిటు రా. గిక్కడ మంచిగుంది."

ఆమె లేచింది. ఎందుకు లేచిందో తర్వాత ఎంత ఆలోచించినా ఆమెకు తెలియలేదు. ఆ గొంతులో కోపం లేదు. అంత మర్యాదగా, అంత జాగ్రత్తగా ఎవరూ ఆమెను పిలిచి చాలా ఏళ్ళయింది. తన తల మీద డొల్ల. అక్కడ మంచి కప్పు. మొగిలి తన మీద పగ పట్టలేదు. తనను కాపాడటానికి వచ్చాడు. ఆమెకు అప్పుడు ఏడుపు వచ్చింది. బల్ల పట్టుకుని ఉపేందర్ కుర్చీ వైపు రెండు అడుగులు వేసింది.

ఉపేందర్ ఆమె మణికట్టు పట్టి ఎముక నొప్పి పుట్టేటట్టు బిగించి ఆపాడు.

"రావద్దు." అతని పళ్ళు టకటకలాడుతున్నాయి. "పోశం కాకకు గూడ... గట్లనే మోగింది మేడం. గట్లనే పిలిచిండు..."

ఆమెకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది.

ఇద్దరూ తలుపు వైపు ఉరికారు. బల్ల ఒరిగింది. స్టూడియో అద్దం భుజానికి తగిలి పగిలింది. సగం దించిన షట్టరు కిందనుంచి వంగి సందులో నీళ్ళల్లోకి పడ్డారు. వెనక గదిలో ముందు చిటపటమన్నది. తర్వాత పెద్ద చప్పుడు. షట్టరు కిందనుంచి తెల్లటి దుమ్ము వచ్చి వానలో కలిసిపోయింది.

ఎదురింటి వాళ్ళు టార్చిలైట్లు తెచ్చారు. స్లాబు పెద్ద ముక్క ఊడి, ఇనుప చువ్వలతో సహా కిందికి దిగింది. డెబోరా కుర్చీ ఉన్నచోట ఉన్నట్టే ఉంది. దాని మీద ఇంత సున్నం పొడి తప్ప ఏమీ పడలేదు. ఉపేందర్ కూర్చున్న కుర్చీ కనిపించలేదు. ముసురు పట్టి పాత స్లాబు నానిపోయిందని ఒకాయన, ఇన్‌స్టిట్యూట్ ఉన్నప్పటి నుంచే అనుకుంటున్నానని ఇంకొకాయన అన్నారు. మీ అదృష్టం బాగుందని అందరూ అన్నారు.

వాళ్ళు పోయాక డెబోరా, ఉపేందర్ సందులో మూసి ఉన్న పిండి మిల్లు అరుగు మీద కూర్చున్నారు. ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. ఉపేందర్ నేల చూస్తూ అడిగాడు.

"మేడం. నువ్వు గూడ విన్నవా?"

విన్లేదు అనొచ్చు. కుర్రవాడు ఈ ఒక్క మాటతో నిలబడవచ్చు, లేదంటే కూలిపోవచ్చు. పుస్తకంలో ఉన్న జవాబు ఆమెకు తెలుసు. ఆ జవాబు మీద ఆమెకు ఈ జన్మలో మళ్ళీ నమ్మకం కలగదు.

"విన్న" అంది. "నీకేం రోగం లేదు. నేను ఉత్తరం రాయను. రేపు దిగకు. ఇంకెవరికన్న నేను చెప్పుకోవాలె ఇదంతా, లస్మవ్వకు గూడ చెప్పాలె. కట్టె దించింది నా మాట మీదనే అని చెప్పాలె."

ఉపేందర్ మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. చాలా రోజుల నుంచి ఆపుకున్న ఏడుపు అది. డెబోరా అతని వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. నలభై రోజుల్లో మొదటిసారి ఆమెకు ఊపిరి సరిగ్గా ఆడింది. తప్పు తప్పే. కానీ ఇంక దాన్ని ఒక్కతే మొయ్యనవసరం లేదు అనిపించింది.

అప్పుడు ఆమె ఫోను మోగింది. చేసింది ఆమె తండ్రి యేసయ్య.

డెబోరా తండ్రి గని ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైనాడు. తల్లి పోయినప్పటి నుంచి ప్రతి బుధవారం సాయంత్రం ఇంట్లో ప్రార్థన పెట్టిస్తాడు. సంఘం వాళ్ళు, చుట్టుపక్కల వాళ్ళు వస్తారు. అందరూ ముందున్న రేకుల పందిట్లోనే చాపలు వేసుకుని కూర్చుంటారు. ఇల్లు పాతది, లోపలి అర్రల్లో గాలాడదు.

"ఎక్కడున్నవ్ బిడ్డా? ఇంక రాలె?" అన్నాడు యేసయ్య. వెనక మనుషుల అలికిడి, ఎవరో చిన్న పిల్ల నవ్వు వినిపించాయి.

"వస్తున్న డాడీ. గది కాడ జర..."

"నువ్వు పంపిన మనిషి వచ్చిండు. ఎంత మంచి మనిషే."

"నేను... ఎవర్ని పంపలె."

"నీ పేరే చెప్పిండు. మేడం నాకు నయం జేసింది కాకా, ఆమె ఇల్లు ఒకసారి చూసి పోత అన్నడు. తడిసి వచ్చిండు పాపం. అన్ని అర్రలు తిరిగి కట్టెతోని పైన కొట్టి చూసిండు. ఏ పని చేస్తవయ్యా అంటె నవ్వుతాండు."

"డాడీ. బయటికి రా. అందరు బయటికి రాండ్రి. ఇప్పుడే."

"ఏంది? వాన గొడ్తాంది గదా, వినపడ్తలేదు. బయట పందిరి కురుస్తాందని ఆయననే మంచిగుంది రాండ్రి అని అందర్ని లోపలికి పిలిచిండు. పెద్ద అర్రల గూసున్నం. సుసన్నా వాళ్ళు, గిడియోన్ పిల్లలు, అందరం పట్టినం. ఇంత మందికి జాగ ఉంటదని నేనే అనుకోలె."

"డాడీ, విను... డాడీ..."

డెబోరా లేచి పరిగెత్తుతోంది. చౌరస్తా దాకా పోతే ఆటో దొరుకుతుంది. వెనక ఉపేందర్ బూట్లు నీళ్ళల్లో పడుతున్న చప్పుడు. ఫోనులో పాట మొదలైంది. చప్పట్లు. పాట మధ్యలో తండ్రి గొంతు ఇంకెవరితోనో ఏదో అని, నవ్వి, మళ్ళీ దగ్గరికి వచ్చింది.

"జల్ది రా బిడ్డా. నడిమిట్ల నీకొక కుర్చీ ఏసిండు. అండ్ల ఎవర్ని కూసోనిస్తలేడు."